పెరట్లో రేగు చెట్టు: పెంపకం, సంరక్షణ

మనం బేర్ అని పిలిచే రేగు చెట్టుకు, పవిత్ర ఖుర్ఆన్‌లో పేర్కొన్న సిద్ర్ దగ్గరి బంధువు. మయ్యిత్‌కు గుస్ల్ ఇచ్చే నీళ్లలో సిద్ర్ ఆకు కలపాలని హదీసుల్లో ఉంది. మన దగ్గర అందుకు రేగాకే వాడతారు. పట్నాల్లో ఇప్పుడు ఆ ఆకు కోసం అర్ధరాత్రి వెతకాల్సి వస్తోంది. మొహల్లాలో ఒక్క చెట్టున్నా అందరికీ పనికొస్తుంది.

నాటడం: గింజతో మొలిచిన మొక్క ఎలాంటి కాయ కాస్తుందో చెప్పలేం. నర్సరీలో అంటుమొక్క తీసుకోండి. గోలా ముందుగా, ఉమ్రాన్ ఆలస్యంగా కాపుకొస్తాయి. జూన్, జులైలో, బాగా ఎండ తగిలే చోట రెండడుగుల గుంత తీసి, మట్టిలో పశువుల ఎరువు కలిపి నాటాలి. గోడకు దూరంగా ఉంచండి. అంటు కింద వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు తీసేయాలి. లేదంటే అడవి రేగే పెరిగిపోతుంది.

నీళ్లు: మొదటి ఏడాది క్రమం తప్పకుండా పోయాలి. తర్వాత చెట్టు కరువును తట్టుకుంటుంది. పిందె దశ నుంచి మాత్రం నేల మరీ ఎండనివ్వొద్దు.

కత్తిరింపు: పూత ఆ ఏడాది వచ్చిన కొత్త కొమ్మలకే వస్తుంది. కాబట్టి కాపు అయ్యాక ఏప్రిల్‌లో పాత కొమ్మలు కత్తిరించాలి. సిద్ర్ చెట్టు నరకొద్దనే హదీసు గుర్తొచ్చి కొందరు పెద్దలు వెనకాడతారు. అది బాటసారులకు, పశువులకు నీడనిచ్చే ఎడారి చెట్టును అన్యాయంగా నరకడం గురించి అని ఇమామ్ అబూ దావూద్ వివరించారు. చెట్టు బాగు కోసం కొమ్మ కత్తిరించడం వేరు. ముళ్ల కొమ్మలు పిల్లలు తిరిగేచోట వదలకండి.

తెగుళ్లు: కాయల మీద తెల్లటి పొడి కనిపిస్తే బూడిద తెగులు. నీటిలో కలిసే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి చల్లాలి. కాయల్లో పురుగులుంటే కాయ ఈగ వచ్చినట్టే. రాలిన కాయలన్నీ ఏరి లోతుగా పాతిపెట్టండి.

ఆకు దాచుకోవడం: ఎండాకాలం చెట్టు దాదాపు మోడుగా ఉంటుంది. అందుకే చలికాలంలోనే, మందు కొట్టని కొమ్మల ఆకు కోసి, కడిగి, నీడలో ఆరబెట్టి, పొడి చేసి మూతగట్టి డబ్బాలో ఉంచండి. ఎవరింట్లోనైనా అవసరమైతే అడక్కముందే ఇవ్వొచ్చు. ఆకు దొరకలేదని జనాజా ఆపక్కర్లేదు, సబ్బు నీళ్లతోనూ గుస్ల్ అవుతుంది.