గొంతులో నాలుగు కందిగింజలు



థైరాయిడ్ అన్న మాట ఇప్పుడు వినని ఇల్లు లేదు. మెడ ముందు భాగాన ఉండే ఆ గ్రంథికి వెనక, అటు రెండు ఇటు రెండు, కందిగింజలంతటివి మరో నాలుగు గ్రంథులున్నాయి. వాటి పేరు పారాథైరాయిడ్ గ్రంథులు. థైరాయిడ్ పక్కన ఉండేవని దాని అర్థం, అంతే. చేసే పని మాత్రం పూర్తిగా వేరు. నెత్తురులో కాల్షియం తగ్గకుండా చూసుకోవడం వీటి కొలువు. తగ్గిందంటే ఒక హార్మోను వదులుతాయి; అది ఎముకల్లోంచి కాల్షియం తీసి నెత్తురులో కలుపుతుంది. సరిపడా చేరగానే ఇవి ఊరుకుంటాయి. అలా ఊరుకోకుండా వాటిలో ఒకటి కంతి కట్టి, అవసరమున్నా లేకపోయినా హార్మోను పోస్తూనే ఉంటే ఎముకలు గుల్లబారతాయి, మూత్రపిండాల్లో రాళ్ళు పడతాయి.

ఈ గ్రంథి మొదట కనబడింది మనిషిలో కాదు, మన దేశపు ఖడ్గమృగంలో! లండన్ జంతుప్రదర్శనశాల వారు 1834లో కొన్న ఖడ్గమృగం 1849లో చనిపోయింది. రిచర్డ్ ఓవెన్ అనే శాస్త్రజ్ఞుడు దాన్ని కోసి చూస్తూ, థైరాయిడ్‌కి అంటుకుని ఉన్న చిన్న పసుప్పచ్చని ముద్దను గమనించి రాసిపెట్టాడు. అంత పెద్ద జంతువులో అంత చిన్న వస్తువు ఆయన కంటబడడం విశేషమే గదా!

మనుషుల్లో వీటిని వివరంగా వర్ణించినవాడు స్వీడన్ దేశంలో ఉప్సాలా పట్టణపు వైద్య విద్యార్థి ఐవర్ సాండ్‌స్ట్రోమ్. యాభై శవాలను పరీక్షించి 1880లో వ్యాసం ప్రకటించాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1889లో, ముప్ఫయ్యేడో ఏట, తన ప్రాణం తానే తీసుకున్నాడు పాపం.

ఆ తరువాత వచ్చిన చిక్కు తమాషాగా ఉంటుంది. ఎముకలు మెత్తబడి చనిపోయినవారిలో ఈ గ్రంథి ఉబ్బి ఉండడం వియన్నాలో ఎర్డ్‌హైమ్ అనే డాక్టరు చూశాడు. ఎముకలు పాడైనందువల్ల, వాటిని ఆదుకోవడానికి గ్రంథి పెరిగిందని అనుకున్నాడు. దొంగను కాపలావాడనుకున్నట్టయింది. వియన్నాలోనే ఆల్బర్ట్ అనే ట్రాం కండక్టరు ఈ జబ్బుతో మంచాన పడితే, 1925లో ఫెలిక్స్ మాండ్ల్ అనే సర్జను ఆ నమ్మకంతోనే, చనిపోయిన మరొకరి గ్రంథులు తెచ్చి అతనికి అతికించాడు. ఏమీ గుణం కనబడలేదు. అప్పుడు ఎదురు దారి పట్టి, మెడ తెరిచి, ఉబ్బిన గ్రంథిని తీసేశాడు. కండక్టరు లేచి నడిచాడు! కొన్నేళ్ళకు రోగం తిరగబెట్టింది, రెండోసారి కోసినా దక్కలేదు. అయినా కారణమేదో కార్యమేదో లోకానికి తెలిసింది.

అమెరికాలో కెప్టెన్ చార్లెస్ మార్టెల్ అనే ఓడ నాయకుడి కథ ఇంకా జాలి పుట్టిస్తుంది. ఆరడుగుల మనిషి, ఎముకలు కుంగి ఏడంగుళాలు తగ్గిపోయాడు. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్లోనూ, బయటా కలిపి ఆరుసార్లు మెడ కోశారు. కంతి దొరకలేదు. ఆయనే వైద్య గ్రంథాలు చదువుకుని, గుండెల దగ్గర వెతకమని పట్టుబట్టాడని చెబుతారు. 1932లో ఏడోసారి ఛాతీలో వెతికితే అక్కడే ఉంది. తీశారు. కాని అప్పటికే మూత్రపిండాలు పాడైపోయాయి. మరి ఆరు వారాలకే, రాయి అడ్డుపడి, కన్నుమూశాడు.

ఇంత అవస్థ పడేదాకా తెలియకపోవడానికి కారణం, నెత్తురులో ఆ హార్మోనును కొలిచే సాధనం లేకపోవడమే. దాన్ని చేసిపెట్టింది ఒక స్త్రీ. రోజాలిన్ యాలో భౌతికశాస్త్రం చదివింది. ఆడపిల్లకు పై చదువులో చోటు దొరకదేమోనని, షార్ట్‌హ్యాండ్ నేర్చుకుని సెక్రటరీగా చేరవలసి వచ్చింది. ఆ షార్ట్‌హ్యాండ్ పుస్తకాలు తరువాత చించేసిందట లెండి! బెర్సన్ అనే డాక్టరుతో కలిసి ఆమె కనిపెట్టిన పద్ధతితో 1963లో ఈ హార్మోనును కొలవగలిగారు. 1977లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి బెర్సన్ లేడు.

ఈ జబ్బు మగవాళ్ళకన్నా మనకే ఎక్కువ, అందులోనూ ముట్లుడిగిన తరువాత. నీరసం, ఒళ్ళునొప్పులు, మలబద్ధకం, మతిమరుపు – ఇవన్నీ వయసు మీద పడేసి ఊరుకుంటాం. మాటిమాటికీ రాళ్ళు పడుతున్నా, చిన్న దెబ్బకే ఎముక విరిగినా, నెత్తురులో కాల్షియం ఎంతుందో చూడమని డాక్టరుగారిని అడగండి. అది ఎక్కువగా ఉంటే హార్మోనూ చూస్తారు. డి విటమిన్ తక్కువైనా, మూత్రపిండాలు చెడినా ఈ గ్రంథులు ఉబ్బుతాయి. అది వేరే సంగతి, దానికి వైద్యమూ వేరే. ఎర్డ్‌హైమ్ పూర్తిగా పొరబడలేదన్న మాట.

కంతి ఉన్న ప్రతివారికీ కత్తి అక్కరలేదు. కొందరిని ఏడాదికోసారి పరీక్షిస్తూ ఉంటారు. పాలు, పెరుగు మానెయ్యనూ అక్కరలేదు. తియ్యవలసి వస్తే, ముందే స్కానింగులో చోటు గుర్తించి, చిన్న గాటుతో ఆ ఒక్క గ్రంథినీ తీస్తారు. బల్ల మీద ఉండగానే నెత్తురు పరీక్షించి, పది నిమిషాల్లో హార్మోను సగానికి దిగిందో లేదో చూసుకునే వీలు కూడా వచ్చింది. అనుభవమున్న సర్జను చేస్తే నూటికి తొంభయ్యయిదు మందికి పైగా బాగవుతారు. ఇన్నాళ్ళూ దోపిడీకి గురైన ఎముకలు ఆపరేషను కాగానే కాల్షియాన్ని ఆబగా లాక్కుంటాయి. మూతి చుట్టూ, వేళ్ళ కొసలు తిమ్మిరెక్కుతాయి. కెప్టెన్‌గారికీ మూడోనాడు అదే వచ్చింది. అందుకే కొన్ని వారాలపాటు కాల్షియం మాత్రలు ఇచ్చి పంపుతారు.