ఎల్లలు దాటిన ఇల్లాలు

పురుషులు చేసిన యాత్రలు మన భాషలో గ్రంథములైనవి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31 సంవత్సరములలో చేసిన కాశీయాత్రను గూర్చి వినని సాహిత్యాభిమాని యుండడు. కాని సంసారభారమును మోయుచు దేశములు తిరిగిన స్త్రీల ప్రయాణములను వ్రాసి యుంచినవారు మిక్కిలి అరుదు. పరరాష్ట్రములలో స్థిరపడిన మన కుటుంబములలో అట్టి స్త్రీ లేని యిల్లుండదని నా నమ్మకము. మా యింట అట్టి స్త్రీ మా నాయనమ్మ. ఆమెను స్మరించుట గంజాము తెలుగువారి చరిత్రలో కొంత భాగమును చెప్పుటయే యగును.

ఆమె 1912లో బరంపురమున జన్మించెను. గంజాము జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలోనిది. బరంపురమునకు సుమారు 16 కిలోమీటర్ల దూరమున నున్న గోపాలపురము రేవునుండి రంగూనునకు పొగయోడలు నడచుచుండెను. మనవారు రంగూనును ‘రంగము’ అనెడివారు. గంజాము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాలనుండి వేలకొలది జనులు అచటి బియ్యపు మిల్లులకును, ఓడరేవునకును పనికి పోవుచుండిరి. బర్మావారు మనవారిని ‘కోరంగీలు’ అనెడివారు. యానాము చెంతనున్న కోరంగి రేవు పేరే ఆ పిలుపునకు మూలము.

మా తాతగారు రంగములో ఒక బియ్యపు మిల్లునందు లెక్కలు వ్రాయుచుండిరి. 1929లో, పదునేడేండ్ల ప్రాయమున, మా నాయనమ్మ ఓడ డెక్కుపై చాప పరచుకొని భర్తతో ప్రయాణమయ్యెను. ఆమె సామానులో ఒక పొత్రము కూడ నుండెనట. “రోలు ఎక్కడనైన దొరకును, చేతికి అలవాటైన పొత్రము దొరకునా?” అని ఆమె వాదము. తాతగారు నవ్వుచునే దానిని మోసికొనిపోయిరట.

మరుసటి సంవత్సరము, 1930 మే నెలలో, రంగము రేవులో తెలుగు కూలీలు కూలి పెంపునకై సమ్మె చేసిరి. కంపెనీలు వారికి బదులు బర్మీయులను పనిలో చేర్చుకొనినవి. రాజీ కుదిరి తెలుగువారు మరల పనికి రాగా, పని పోయిన బర్మీయులకును వీరికిని ఘర్షణ జరిగి అది నగరమంతట అల్లకల్లోలమాయెను. మనవారనేకులు ప్రాణములు కోల్పోయిరి. ఆ దినములలో పొరుగింటి బర్మా స్త్రీ మా నాయనమ్మకు తన లుంగీ కట్టించి, తన యింట దాచి కాపాడెనట. కొట్టినవారిని గూర్చి మా నాయనమ్మ ఎన్నడును ఎక్కువగా చెప్పలేదు. ఆ స్త్రీని మాత్రము తుదివరకు తలచుచుండెను.

1932లో మా తండ్రిగారు రంగముననే జన్మించిరి. అప్పటికి బర్మా బ్రిటిషు ఇండియాలో ఒక రాష్ట్రము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడి బరంపురము అందులో చేరెను. సరిగా ఒక సంవత్సరమునకు, 1937 ఏప్రిల్ 1వ తేదీన, బర్మా ఇండియానుండి వేరుపడెను. తల్లి పుట్టినయూరు వేరొక రాష్ట్రమునకు పోయినది. కుమారుడు పుట్టినయూరు పరదేశమైనది. వా రిరువురును ఉన్నచోటనుండి కదలనైన లేదు! ముప్పదియైదేండ్లు గుమాస్తాపని చేసి, దరఖాస్తులలో ‘జన్మస్థలము’ అను గడిని పలుమారులు నింపిన నాకు, ఆ గడి ఎంత యిరుకైనదో మా యింటి చరిత్రయే నేర్పినది.

1941 డిసెంబరు 23వ తేదీన రంగముపై జపానువారి బాంబులు పడినవి. మరుసటి నెలలో మా నాయనమ్మ ఇద్దరు పిల్లలతో ఓడనెక్కి కలకత్తా చేరెను. పొత్రము అక్కడనే యుండిపోయినది. ఓడలో చోటు దొరకని లక్షలాది జనులు కొండలు, అడవులు దాటి నడచి వచ్చిరి. ఆకలిచేతను, విషూచిచేతను దారిలో మరణించినవారు వేలమంది. తాతగారు ఆరకాను దారిన నడచి, మే నెలలో ఇల్లు చేరిరి. భార్యయే ఆయనను మొదట ఆనవాలు పట్టలేదట.

అటుపిమ్మట తాతగారికి ఖరగ్‌పూరులో బెంగాల్ నాగపూర్ రైల్వే ఉద్యోగము దొరకెను. ఆ రైలుపట్టణమున మనవారు అనేకులుండుటచే ఆమెకు పరదేశమనిపించలేదు. తాతగారు గతించిన పిమ్మట ఆమె నాగపురమున కుమారునియొద్దను, బొంబాయిలో కుమార్తెయొద్దను, బరంపురమున మాయొద్దను మార్చిమార్చి యుండెను. పురుళ్లు పోసినది, మనుమలను పెంచినది. బెంగాలీలో బేరమాడగలదు, హిందీలో పోట్లాడగలదు, బర్మా భాషలో అంకెలు లెక్కపెట్టి మమ్ము నవ్వించెడిది. ఉత్తరములు మాత్రము తెలుగుననే వ్రాసెను. 1991లో బరంపురముననే కన్నుమూసెను.

ఆమె వ్రాసిన కార్డులు అరువదికి పైగా నాయొద్ద నున్నవి. నాగపురమున చింతపండు ధర, బొంబాయి వాన, ఎవరికి బిడ్డ పుట్టినది, ఎవరి జ్వరము తగ్గినది, ఇవే వానిలోని విషయములు. నా మనుమలు ఒడియా చదువుదురు, ఇంగ్లీషు చదువుదురు. ఈ కార్డులను మాత్రము బొమ్మలవలె త్రిప్పి చూతురు. ఇప్పటికి నేను చదివి వినిపించుచున్నాను. నా తరువాత చదువువారెవరు?

కావున పాఠక మహాశయులకు నా మనవి యొక్కటే. మీ యిండ్ల అటకలపై నట్టి కార్డులున్నచో వానికి ప్రతులు వ్రాసి, అందలి మనుష్యులెవరో, ఊళ్లేవో ప్రక్కన గుర్తుంచుడు. పిల్లలకు తెలుగు నేర్ప దలచినచో మొదట వారి నాయనమ్మ పేరు, అమ్మమ్మ పేరు వ్రాయ నేర్పుడు. ఆ పేర్లు వ్రాయగల పిల్లలు ఆ కార్డులలో ఏమున్నదని తామే అడుగుదురు.