దుడ్లు లెక్కపెట్టిన వేళ్ళు

కృష్ణగిరి మామిడి మండీలో గుమాస్తాగా నా వయసంతా గడిచింది. దుడ్లకు కాపలా కాయడం మా సీమకు తరతరాలుగా తెలుసు. వాటిని లెక్కపెట్టే మనిషి ఒంటిని కాపాడాలన్నది చాలా ఆలస్యంగా తట్టింది.

1792లో మా కృష్ణగిరి ఉన్న బారామహల్ సీమ టిప్పు సుల్తాను చేతినుంచి ఇంగ్లీషు కుంపిణీకి పోయింది. రీడ్, మన్రో దొరలు శిస్తు వసూలుకు దిగారు. హోసూరు 1799లో వచ్చి కలిసింది. మైసూరు సీమలో చలామణీ అయిన కంఠీరవ పణాలు చిట్టి బంగారు నాణేలు, అర గ్రాము కూడా తూగవు. ఒకటి జారితే మట్టంతా వెతుక్కోవాల్సిందే. తర్వాత వెండి రూపాయిల కాలం. ఒక్కోటి 11.66 గ్రాములు. వెయ్యి రూపాయలంటే పదకొండున్నర కిలోల పైమాట. అంత మూటను దొంగ కంటపడకుండా రాయకోట దారిలో బండిమీద తేవడం ఎంత కష్టమో ఊహించుకోండి.

1917లో రూపాయి నోటు వచ్చింది. బరువు తీరింది, రొంటిన దోపుకుంటే చాలు. అక్కడే కొత్త తంటా మొదలైంది. చెమట, పొగాకు, మేకల రోత, మామిడికాయ సొన అన్నీ ఆ కాగితానికే. ఒకరు కరుచుకు తాగిన చెంబును ఇంకొకరు ముట్టని ఇళ్ళలో పుట్టిన మేమే, నాలుకమీద వేలు తడుపుకుని వందల నోట్లు తిప్పేవాళ్ళం. బెంగళూరా కాయ గుజ్జు ఫ్యాక్టరీలకు తోలే రోజుల్లో పొద్దుగూకేదాకా అదే పని. పాత కట్టలు విప్పితే దుమ్ము లేచి తుమ్ములు ఆగేవి కావు.

బ్యాంకు కట్టలకు ఇనుప పిన్నులు ఉండేవి. గోటితో పీకితే వేలు చీరుకునేది. నెత్తుటి మరకల నోట్లు చాలా చూశాను. పిన్నులు కొట్టొద్దు, కాగితపు పట్టీలు వేయండని 2001 నవంబరులో రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. నోటు చిరగకూడదని చెప్పిన మాట అది. దాని పుణ్యాన మా వేళ్ళూ బతికాయి.

2015లో ఢిల్లీ శాస్త్రవేత్తలు అక్కడి వీధి వ్యాపారుల నోట్లను పరీక్షించి, 78 రకాల రోగకారక సూక్ష్మజీవుల జాడలు కనుక్కున్నారు. మరుసటి ఏడు ఆగస్టులో దొంగలు సేలం నుంచి మద్రాసుకు పోయే రైలు పెట్టె కప్పుకు కన్నం వేసి, రిజర్వు బ్యాంకుకు పంపుతున్న పాత నోట్లలో 5.78 కోట్ల రూపాయలు ఎత్తుకుపోయారు. ఊరూరా ఆ కన్నం గురించే చెప్పుకున్నారు. ఆ మాసిన నోట్లను ఏరి కట్టలు కట్టిన చేతుల గురించి ఒక్కరూ అడగలేదు. ఆ పని చేసినవాణ్ణి కాబట్టి నాకు అది ఇప్పటికీ బాధే.

ఇప్పుడు హోసూరు పూల అంగళ్ళలో ఫోను చూపించి దుడ్లిస్తున్నారు. కుందారపల్లి మేకల సంతలో ఇంకా నోట్ల కట్టలే చేతులు మారుతున్నాయి. బ్యాంకు కౌంటరులో వేలు తడుపుకోను స్పాంజి డబ్బా ఉంటుంది. సంతలో సుంకం వసూలు చేసేవాళ్ళు ఆ వసూలులోంచే ఒక నీళ్ళ కొళాయి, సబ్బు పెట్టించాలి. మేకలమ్మిన ఆడమనిషి దుడ్లు లెక్కపెట్టి, అదే చేత్తో సద్దిమూట విప్పుతోంది.