‘పోకిరి’ నుంచి ‘వాంటెడ్’ వరకు

‘వాంటెడ్’ 2009 సెప్టెంబర్ 18న విడుదలైన హిందీ యాక్షన్ థ్రిల్లర్ చిత్రం. పూరి జగన్నాథ్ రచించి, దర్శకత్వం వహించిన తెలుగు చిత్రం ‘పోకిరి’కి ఇది పునర్నిర్మాణం. సల్మాన్ ఖాన్, ఆయేషా టాకియా నాయికానాయకులుగా నటించారు. బోనీ కపూర్ నిర్మాత. నృత్య దర్శకుడిగా పేరు పొందిన ప్రభుదేవాకు హిందీలో దర్శకుడిగా ఇదే తొలి చిత్రం.

మూల చిత్రం 2006 ఏప్రిల్ 28న తెలుగునాట విడుదలైంది. మహేష్ బాబు, ఇలియానా నటించగా మణిశర్మ సంగీతం అందించారు. ప్రభుదేవా 2007 సంక్రాంతికి ఈ కథను విజయ్, అసిన్‌లతో తమిళంలో ‘పోక్కిరి’గా తీశారు. అంటే హిందీకి వచ్చేనాటికే ఈ కథ ఆయనకు కొట్టినపిండి. కన్నడంలో దర్శన్ కథానాయకుడిగా ‘పొర్కి’ కూడా వచ్చింది.

కథ హైదరాబాద్ నుంచి ముంబయికి మారినా దాని ఆయువుపట్టు మారలేదు. డబ్బు కోసం మాఫియా ముఠాలకు పనిచేసే కిరాయి రౌడీగా కనిపించే యువకుడు నిజానికి రహస్య విధుల్లో ఉన్న పోలీసు అధికారి. ఈ రహస్యాన్ని దర్శకుడు పతాక సన్నివేశాల దాకా దాచి ఉంచుతాడు. తెలుగులోని పండు హిందీలో రాధే అయ్యాడు. నాజర్ పోషించిన తండ్రి పాత్రను వినోద్ ఖన్నా, ఆశిష్ విద్యార్థి పోషించిన అవినీతి పోలీసు పాత్రను మహేశ్ మంజ్రేకర్ ధరించారు. మారనిది ప్రతినాయకుడే. తెలుగు, తమిళ, హిందీ మూడింటిలోనూ ఆ పాత్ర ప్రకాశ్ రాజ్‌దే. ఒకసారి మాటిచ్చాక తన మాట తానే విననని కథానాయకుడు చెప్పే సంభాషణ కూడా తెలుగు నుంచి హిందీకి చేరి, అక్కడ సల్మాన్ సొంత మాటగా స్థిరపడిపోయింది. దాని పుట్టుక తెలుగులో అన్న సంగతి ఉత్తరాది ప్రేక్షకుల్లో ఎందరికి తెలుసో!

విడుదల సమయం కలిసివచ్చింది. సెప్టెంబర్ 21న ఈద్ కావడంతో తొలి వారాంతానికి పండుగ తోడైంది. అంతకు ముందు ఏడాది వరుస పరాజయాలు చూసిన సల్మాన్‌కు ఈ విజయం మలుపుగా నిలిచింది. దేశంలో సుమారు 60 కోట్ల రూపాయల నికర వసూళ్లు వచ్చినట్లు వాణిజ్య వర్గాల అంచనా. మల్టీప్లెక్సుల కంటే ఒకే తెర ఉన్న థియేటర్లలో ఆదరణ బలంగా కనిపించింది. చిత్ర పంపిణీ లెక్కల్లో ఘాజియాబాద్ ఢిల్లీ–యూపీ ప్రాంతంలోకి వస్తుంది. ఇలాంటి మాస్ చిత్రాలకు పెద్ద ఆధారం ఆ ప్రాంతమే. ఢిల్లీని ఆనుకుని ఉన్నా ఘాజియాబాద్ ఉత్తరప్రదేశ్‌లోని నగరం. అందుకే అప్పట్లో అక్కడి టిక్కెట్లపై వినోద పన్ను ఢిల్లీ ప్రభుత్వానిది కాదు, లక్నోది.

‘వాంటెడ్’ తర్వాత ఈద్‌కు సల్మాన్ చిత్రం రావడం ఆనవాయితీ అయింది. 2010లో ‘దబంగ్’, 2011లో మలయాళ మూలమున్న ‘బాడీగార్డ్’ ఆ పండుగకే వచ్చాయి. ప్రభుదేవా 2012లో రాజమౌళి ‘విక్రమార్కుడు’ను అక్షయ్ కుమార్‌తో ‘రౌడీ రాథోర్’గా తీయగా, అది 100 కోట్ల రూపాయల నికర వసూళ్లు దాటింది. తెలుగు కథల హక్కుల కోసం ముంబయి నిర్మాతలు పోటీపడిన కాలమది.

ఆ గిరాకీ నిలవలేదు. తెలుగు చిత్రాల హిందీ అనువాదాలు టీవీ చానళ్లలో, యూట్యూబ్‌లో విరివిగా రావడంతో ప్రేక్షకులు అసలు చిత్రాలనే చూడసాగారు. 2017లో ‘బాహుబలి 2’ హిందీ అనువాదం ఒక్కటే 500 కోట్ల రూపాయలకు పైగా నికర వసూళ్లు సాధించింది. ‘అల వైకుంఠపురములో’ హిందీ రూపం ‘షెహజాదా’ 2023లో పరాజయం పాలైంది. అదే కథానాయకుడు అల్లు అర్జున్ నటించిన ‘పుష్ప’ మాత్రం పునర్నిర్మాణం అవసరం లేకుండానే, 2021 డిసెంబర్‌లో హిందీ మాటలతో ఉత్తరాది థియేటర్లకు చేరి 100 కోట్ల రూపాయల మార్కు దాటింది.