క్లైంబింగ్ సామగ్రిని ఎప్పుడు పక్కన పెట్టాలి

కొండరాళ్లు ఎక్కేవారి తాడు, నడుముకు కట్టుకునే పట్టీల హార్నెస్, పట్టీతో చేసిన ఉచ్చులాంటి స్లింగు, లోహపు కొక్కెమైన క్యారబినర్, హెల్మెట్ అన్నీ ఒకేలా పాడవవు. చేయి జారి కిందపడ్డ వస్తువంటే అందరూ భయపడతారు. రోజూ నడుముకు కట్టుకుని అరగదీసిన దాన్ని మాత్రం ఇంకొన్నాళ్లు చూద్దామంటారు. ఎక్కువ భయపడాల్సింది ఆ రెండోదానికే.

పేరుమోసిన అమెరికన్ క్లైంబర్ టాడ్ స్కిన్నర్ 2006 అక్టోబరు 23న యోసెమిటీలోని లీనింగ్ టవర్ అనే కొండగోడ నుంచి తాడు మీద దిగుతుండగా హార్నెస్‌కు ముందువైపుండే పట్టీ వలయం, అంటే బిలే లూప్ తెగి, పడి మరణించారు. అది అరిగిందని ఆయనకు తెలుసు, కొత్త హార్నెస్‌కు ఆర్డరు కూడా ఇచ్చారు. యూరప్ ప్రమాణం ప్రకారం కొత్త హార్నెస్ 15 కిలోన్యూటన్ల లాగుడుకు, అంటే సుమారు ఒకటిన్నర టన్నుల బరువుకు తట్టుకోవాలి. దిగేటప్పుడు పడే భారం అందులో కొద్దిపాటిదే. బిలే లూప్‌కు స్లింగును ముడివేసి అలాగే వదిలేస్తే లూప్ తిరగక ఒకేచోట ఒరుసుకుపోతుంది. అందుకే ముడి విప్పి, లూప్‌ను చుట్టూ తిప్పి చూడాలి. పట్టీ అంచున పోగులు తెగినా, కుట్లు ఊడినా, రంగు వెలిసి బిరుసెక్కినా ఇక వాడకూడదు. అసలు వాడకపోయినా నైలాన్ సామగ్రికి చాలామంది తయారీదారులు పెట్టే గడువు 10 ఏళ్లు.

తాడును కంటితో చూస్తే చాలదు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా వేళ్ల మధ్య నుంచి పోనిస్తూ తడమాలి. ఎక్కడైనా మెత్తగా, పల్చగా తగిలినా, వంచితే గుండ్రంగా నిలవక మడతపడిపోయినా లోపలి పోగులు చెడ్డట్టే. బ్యాటరీ ఆమ్లం సోకిన తాడు పైకి బాగానే కనిపించి తెగిపోగలదు. అనుమానం వచ్చినా పారేయాల్సిందే.

లోహం సంగతి వేరు. పడిన క్యారబినర్‌లో కంటికి కనబడని పగుళ్లు ఏర్పడతాయని చాలాకాలంగా నమ్ముతున్నారు. కానీ అందులో వాడే అల్యూమినియం మిశ్రమం గాజులా పెళుసైనది కాదు. నడుమెత్తు నుంచి పడి, లోతైన నొక్కు లేకుండా, గేటు సాఫీగా మూసుకుంటుంటే పారేయనక్కర్లేదు. ఎత్తైన గోడ మీద నుంచి పడితే మాత్రం కొత్తది కొనడమే మంచిది. తాడు రాపిడికి గాడి పడి అంచు కత్తిలా తేలిన క్యారబినర్ మరీ ప్రమాదం, అది తాడునే కోసేయగలదు.

చాలా హెల్మెట్ల లోపలి ఫోమ్ ఒకసారి నలిగితే మళ్లీ ఉబ్బదు. గట్టి దెబ్బ తగిలాక పైన చెక్కుచెదరకపోయినా మార్చాలి.

పక్కన పెట్టిన తాడును, పట్టీలను మూలన పడేస్తే తెలియనివారు తీసి వాడతారు. ముక్కలుగా కోసి పారేయాలి.