పీటర్‌హెడ్ రాయి

కుంపటి ఇటు జరుపు బిడ్డా, వేళ్లు కొంకర్లు పోతున్నయి. ఈ బొటనవేలు గోరు చూడు, నడిమిట్ల చీలి ఉంటది. చిన్నప్పుడు సుత్తి జారి పడ్డది. అప్పటిసంది ఏ రాయి కనవడ్డా ముందుగాల ఈ వేలే పోతది దాని మీదికి.

మీ బాపు స్కాట్లాండ్‌ల నౌకరీ చేస్తున్నప్పుడు నన్ను తీస్కపోయిండు గదా. అబర్దీన్ అని, ఊరంత గ్రానైటే. మన కరీంనగర్ గుట్టలన్నీ తెచ్చి ఇండ్లు కట్టినట్టుంటది. ఒకనాడు సముద్రం ఒడ్డున పీటర్‌హెడ్‌కు తోల్కపోయిండు, పాత జైలు చూపిస్తనని. 2013ల ఖైదీలను ఖాళీ చేపిచ్చి, తర్వాత మ్యూజియం పెట్టిండ్రు. జైలు చూసుడేందిరా అన్న. లోపలికి పోయినంక నేనే బయటికి రాలే.

ఆ సముద్రంల తుపాను లేస్తే ఓడలకు తలదాసుకునే తావు లేకుండె. పెద్ద రాతికట్ట కట్టాలె, కూలికి ఖైదీలున్నరు అనుకున్నరు. విక్టోరియా రాణి కాలం. 1886ల చట్టం, 1888ల ఖైదీలు దిగుడు. ఆ పని కోసమే అక్కడ జైలు లేచింది. అంటే జైలుకు పని కాదు, పనికే జైలు!

రాయి స్టర్లింగ్‌హిల్ క్వారీది, ఎర్ర గ్రానైటు. దానికి సర్కారు సొంతంగ రైలు పట్టాలేసింది, పొద్దున్నే ఖైదీలను పెట్టెల్లెక్కించి తీస్కపోయేటోళ్లు. కావలోళ్ల నడుముకు కత్తులు. రాయి మీద వరుసగ బెజ్జాలు కొట్టి, ఇనుప మేకులు దించి, ఒక్కొక్కదాని మీద తడవకు ఒక్క దెబ్బ. తొందరపడితే రాయి వంకర చీలుతది. మన పద్ధతే. దుమ్ము గూడ మన దుమ్మే. మా నాయిన దగ్గు ఇంకా నా చెవులల్ల ఉన్నది.

ఆ జైల్ల ఆస్కార్ స్లేటర్ అని ఒకాయన ఉండె. గ్లాస్గోల ఒక ముసలామెను చంపిండని 1909ల ఉరిశిక్ష ఏసిండ్రు, మళ్ల యావజ్జీవం చేసిండ్రు. పద్దెనిమిదేండ్లకు పైన రాళ్లు కొట్టిండు. ఆయన ఏ పాపం ఎరుగడు! విడుదలై పోతున్న తోటి ఖైదీ ఒకాయన, స్లేటర్ రాసిన చీటీని పెట్టుడు పండ్ల కింద దాసుకొని బయటికి తెచ్చిండు. అది షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కానన్ డాయిల్‌కు ముట్టింది. ఆయన ఏండ్ల సంది కొట్లాడుతనే ఉండె. 1927ల వదిలిండ్రు, మరుసటేడు శిక్ష కొట్టేసిండ్రు. ఆరువేల పౌండ్లు చేతుల పెట్టిండ్రు. పద్దెనిమిదేండ్లకు!

కట్ట 1956 దాకా సాగిందట. రాణి పోయె, ఆమె కొడుకు పోయె, మనుమడు పోయె, పని ఒడువలే.

చివరికి కట్ట దిక్కు పోయినం. అవతల అలలు ఇంతెత్తు లేస్తున్నయి, ఇవతల పడవలు మన చెరువుల తెప్పల లెక్క గమ్మునున్నయి. రాయి మీద ఉలి గీత ఒకటి దొరికింది. బొటనవేలు సరిగ్గ అండ్ల పట్టింది. చలి, చెయ్యి జేబుల పెట్టుకో బాపూ అంటున్నడు మీ బాపు. కొద్దిసేపు ఆగురా అన్న.