పిల్లల ముచ్చట, పెద్దల బెంగ: ఇంట్లోకి వచ్చిన తొలి గేమ్ యంత్రాలు

టీవీకి తగిలించుకుని ఆడే యంత్రాన్ని మన ఇళ్లలో వీడియో గేమ్ అంటారు, అంగడి భాషలో కన్సోల్ అంటారు. దాన్ని మొదట అమ్మకానికి పెట్టింది అమెరికాలోని మాగ్నవాక్స్ కంపెనీ, 1972లో. ఒడిస్సీ అని దానికి పేరు. రాల్ఫ్ బేర్ అనే ఇంజనీరు 1960లలో తయారుచేసిన నమూనా దానికి ఆధారం. ఆడేది పిల్లలు, డబ్బు పెట్టేది పెద్దలు అన్న వ్యవహారం అక్కడే మొదలైంది. ఆ తర్వాత యాభై ఏళ్లలో యంత్రాలు ఎన్నో మారాయి కానీ, చిన్నపిల్లల చేతికి మొదట ఏది ఇవ్వాలన్న నిర్ణయాన్ని నడిపింది మాత్రం పిల్లల ముచ్చట కన్నా పెద్దల బెంగే. ఏ కాలంలో తల్లిదండ్రులు దేనికి జంకారో, ఆ కాలపు యంత్రం దానికి సమాధానంగా తయారై వచ్చింది.

ఒడిస్సీలో శబ్దం లేదు, రంగు లేదు, స్కోరు లెక్కపెట్టే శక్తి కూడా లేదు. తెర మీద కదిలేవి రెండు మూడు తెల్లటి చుక్కలు, ఒక గీత. ఇల్లు, మైదానం, మంచుకొండ బొమ్మలున్న పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్లను టీవీ అద్దానికి అంటించుకుంటే ఆ చుక్కలకు ఒక అర్థం వచ్చేది. పెట్టెలో పాచికలు, పేకలు, ఉత్తుత్తి నోట్లు కూడా ఉండేవి. అమెరికా రాష్ట్రాల పేర్లు నేర్పే ఆట ఒకటి, పసిపిల్లల కోసం సైమన్ సేజ్ అనే ఆట ఒకటి అందులో చేర్చారు. అప్పటికే ఇళ్లలో అలవాటైన బోర్డు ఆటల పెట్టెకు కొత్త యంత్రాన్ని ముడిపెట్టి అమ్మడం తెలివైన పనే. అయితే ఇది మాగ్నవాక్స్ టీవీల మీదే పనిచేస్తుందేమోనన్న అనుమానం జనంలో పాకింది. దాదాపు 100 డాలర్ల ఖరీదున్న ఆ యంత్రాలు మొత్తం మీద మూడున్నర లక్షల దాకా అమ్ముడయ్యాయి.

తొలినాళ్లలో అన్నిటికన్నా పెద్ద భయం టీవీ గురించే. ఇంటికి ఒకటే టీవీ, అదీ ఖరీదైన వస్తువు. కదలని బొమ్మ గంటల తరబడి అలాగే ఉంటే పిక్చర్ ట్యూబ్ మీద మచ్చ పడిపోతుందన్న మాటలో కొంత నిజం ఉంది కూడా. 1977లో వచ్చిన అటారీ యంత్రానికి, అంటే తర్వాత అటారీ 2600గా పేరుపడినదానికి, ఇందుకోసమే ఒక ఉపాయం జోడించారు. దాని ఆటల్లో చాలావాటిని కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే తెర మీది రంగులు వాటంతట అవే మారుతూ ఉంటాయి.

ఆ యంత్రంలో ఇంకొక ఏర్పాటు ఉంది. ఎడమ వైపు ఆడేవారికి ఒకటి, కుడి వైపు ఆడేవారికి ఒకటి చొప్పున రెండు మీటలు ఉండేవి. ఎవరి ఆట కష్టం వారిది. తండ్రికి కష్టంగా, ఆరేళ్ల కూతురికి తేలికగా ఒకే ఆటను ఒకే సమయంలో నడపవచ్చు. ఆస్టరాయిడ్స్, మిసైల్ కమాండ్ వంటి ఆటల్లో చిన్నపిల్లల కోసమే నెమ్మదించిన రకాన్ని విడిగా పెట్టారు. 1983లో సెసమి స్ట్రీట్ అనే పిల్లల టీవీ కార్యక్రమంలోని పాత్రలతో ఆటలు, వాటికి తగ్గట్టు పెద్ద మీటలున్న పిల్లల కీప్యాడ్ కూడా తెచ్చారు. ఒకే పెట్టెను వేర్వేరు వయసులవారు పంచుకోవాలన్న ఆలోచన అప్పుడే ఇంత స్పష్టంగా ఉంది. తర్వాత వచ్చిన చాలా యంత్రాలు దాన్ని మరిచిపోయాయి.

పిల్లల ఆటలు బాగానే ఉన్నా, అంగడి కుప్పకూలింది. అటారీకి ఎవరు పడితే వారు ఆటలు తయారుచేసి అమ్మవచ్చు. డబ్బా మీది రంగుల బొమ్మ చూసి తల్లిదండ్రులు కొన్న క్యాసెట్లలో చాలావాటిలో పస లేదు. 1982 క్రిస్మస్‌కు అందించాలని సుమారు అయిదు వారాల్లో ముగించిన ఈ.టీ. అనే ఆట ఈ పతనానికి గుర్తుగా మిగిలింది. మిగిలిపోయిన సరుకును 1983లో న్యూ మెక్సికోలోని అలమగార్డో చెత్తదిబ్బలో పాతిపెట్టారు. 2014లో తవ్వినప్పుడు అవి బయటపడ్డాయి. నిజానికి ఒక్క ఆట ఒక పరిశ్రమను ముంచలేదు. నాసిరకం సరుకు వెల్లువెత్తడం, దుకాణాలు ధరలు తెగ్గోయడం, ఇంటి కంప్యూటర్లు చవకవడం అన్నీ కలిశాయి. పిల్లల పేరు చెప్పి మళ్లీ ఒక యంత్రాన్ని అమ్మాలంటే ముందు పెద్దల నమ్మకం సంపాదించాల్సి వచ్చింది.

ఆ పని చేసింది జపాన్. 1983 జూలై 15న నింటెండో కంపెనీ 14,800 యెన్ల ధరకు ఫ్యామికామ్‌ను విడుదల చేసింది. ఫ్యామిలీ కంప్యూటర్ అన్నదానికి అది పొట్టి పేరు. దాన్ని రూపొందించిన బృందానికి పెద్ద మసాయుకి ఉయెమురా. పిల్లల చేతులను దగ్గరగా గమనించి చేసిన యంత్రం ఇది. మొదట పెట్టిన చతురస్రపు రబ్బరు బటన్లు నొక్కగా నొక్కగా ఇరుక్కుపోతుంటే వాటిని గుండ్రటి గట్టి బటన్లుగా మార్చారు. క్యాసెట్టును పైకి లేపే మీట సాంకేతికంగా అవసరమే లేదు. ఊరికే నొక్కుతూ ఉండడం పిల్లలకు సరదా అని దాన్ని ఉంచేశారు. ఎడమ బొటనవేలి కింది శిలువ ఆకారపు బటన్ గున్‌పెయ్ యోకోయ్ ఆలోచన. అంతకు ముందు ఏడాదే చేతిలో పట్టుకుని ఆడే డాంకీ కాంగ్ యంత్రంలో అది వచ్చింది, నేటికీ ఆ ఆకారం పోలేదు.

జపాన్‌లో తల్లుల గొడవ చదువు గురించి. హడ్సన్ కంపెనీ తరఫున ఊరూరా పిల్లల పోటీలు నడిపిన తకహాషి మెయిజిన్, సెకనుకు 16 సార్లు బటన్ నొక్కగలడని పేరు పడ్డవాడు, రోజుకు ఒక్క గంటే ఆడండని పిల్లలకు చెప్పడం మొదలుపెట్టాడు. ఆటలు అమ్మే కంపెనీ మనిషే ఆ మాట అనడం అమ్మకాలకు చేటు చేయలేదు. పెద్దలకు ధైర్యం ఇచ్చింది.

అమెరికాలో దుకాణదారులు వీడియో గేమ్ అన్న పేరు వింటేనే మొహం తిప్పుకునేవారు. అందుకని అదే యంత్రాన్ని 1985 అక్టోబరులో న్యూయార్క్‌లో దింపేటప్పుడు నింటెండో దాని వేషం మార్చింది. బూడిదరంగు పెట్టె, వీసీఆర్‌లోలాగా ముందు నుంచి తోసే క్యాసెట్టు, తోడుగా ఒక చిన్న రోబో. అమ్ముడుపోని సరుకు వెనక్కి తీసుకుంటామన్నారు. తన అనుమతి లేని క్యాసెట్లు పనిచేయకుండా యంత్రంలో తాళం లాంటి చిప్ పెట్టి, అనుమతి ఉన్నవాటికి నాణ్యతా ముద్ర వేసింది. ఒక్కో కంపెనీ ఏడాదికి అయిదు ఆటలకు మించి తేకూడదని హద్దు గీసింది. ఆ ముద్ర ఆట బాగుంటుందన్న హామీ కాదు, నింటెండోకు రుసుము ముట్టిందన్న రుజువు మాత్రమే అన్న విమర్శలో పస ఉంది. అయినా బొమ్మల దుకాణంలో నిలబడిన తల్లికి అది చాలింది.

ఈ తాళమూ ముద్రా లేని ప్రపంచం ఇంకొకటి ఉంది. తెలుగు పిల్లలకు తెలిసింది అదే. తైవాన్ చిప్ కంపెనీలు ఫ్యామికామ్ లోపలి భాగాలకు నకళ్లు తయారుచేయడంతో ఆసియా, తూర్పు యూరప్, లాటిన్ అమెరికా అంతటా వాటితో చేసిన చవక యంత్రాలు పుట్టుకొచ్చాయి. రష్యాలో 1992 నుంచి డెండీ అన్న పేరుతో అమ్మిన నకలు అక్కడి ఒక తరానికి తొలి యంత్రం. చైనాలో సుబోర్ కంపెనీ దానికి కీబోర్డు తగిలించి చదువు యంత్రం అని ప్రచారం చేసింది. ఆ ప్రకటనల్లో జాకీ చాన్ కనిపించాడు. కీబోర్డు మీద అక్షరాలు కొట్టడం నేర్పే క్యాసెట్టు ఒకటి ఇచ్చేవారు, పిల్లలు పెట్టుకునేది మాత్రం మారియో క్యాసెట్టే. సుబోర్‌ను నడిపిన దువాన్ యోంగ్‌పింగ్ 1995లో బయటికొచ్చి బీబీకే కంపెనీ పెట్టాడు. ఒప్పో, వివో ఫోన్లు పుట్టింది దాని నుంచే. ఇవాళ మన ఊళ్లలో పిల్లలు గేమ్ ఆడే ఫోన్లలో చాలావాటికి ఆ నకలు యంత్రంతో చుట్టరికం ఉందన్నమాట.

భారత్‌లో 1990లలో ఇదే జాతి యంత్రాలు మీడియా, లిటిల్ మాస్టర్ వంటి పేర్లతో వచ్చాయి. టీవీ వెనక యాంటెన్నా తీగ పీకి దీని తీగ గుచ్చి, ట్యూనింగ్ తిప్పుతూ పోతే ఏదో ఒక ఛానెల్లో బొమ్మ కనిపించేది. రాకపోతే క్యాసెట్టు తీసి, ఊది, మళ్లీ పెట్టేవారు. లేబుల్ మీద వేల ఆటలని రాసి ఉన్నా లోపలి ఆటలు కొన్నే; అవే వేర్వేరు లెవెళ్ల నుంచి మొదలై వేర్వేరు పేర్లతో పట్టికలో తిరిగి కనిపించేవి. మారియో, కాంట్రా, గన్‌తో బాతుల్ని కొట్టే డక్ హంట్ దాదాపు ప్రతి ఇంట్లో ఉండేవి. అమెరికా తల్లిదండ్రుల ముందున్న ఎంపిక ఇక్కడ లేదు. ఏ కంపెనీదన్న ప్రశ్న కన్నా అడాప్టర్ ఎంతకాలం వస్తుంది, పిక్చర్ ట్యూబ్ పోతుందా అన్నవే ఇంట్లో నడిచిన చర్చలు. కీబోర్డున్న రకాలు ఇక్కడా వచ్చాయి. వీడికి కంప్యూటర్ అలవాటవుతుందని తండ్రికి నచ్చజెప్పడానికి అవి పనికొచ్చాయి. సొంతంగా కొనలేనివారికి గంట లెక్కన ఆడించే పార్లర్లుండేవి. చాలామందికి అసలు తొలి యంత్రం టీవీతో పనిలేకుండా పెన్సిల్ బ్యాటరీలతో నడిచే, ఇటుకలు పేర్చే బ్రిక్ గేమ్.

అసలు సరుకు ధర చూస్తే నకళ్లు ఎందుకు గెలిచాయో అర్థమవుతుంది. సెగా మెగా డ్రైవ్‌ను 1995లో షా వాలెస్ సంస్థ భారత్‌లో అమ్మకానికి తెచ్చినప్పుడు దాని ధర 18,000 రూపాయలు. దిగుమతి సుంకం 80 శాతం ఉన్న కాలం అది. మధ్యతరగతి ఇంట్లో పిల్లవాడి ఆటకు అంత డబ్బు పెట్టే ప్రశ్నే లేదు.

అదే సెగా 1993లో జపాన్‌లో, మరుసటి ఏడాది అమెరికాలో పికో అనే యంత్రాన్ని పూర్తిగా పసిపిల్లల కోసం తెచ్చింది. క్యాసెట్టే బొమ్మల పుస్తకంలా ఉంటుంది. పేజీ తిప్పితే టీవీలో దృశ్యం మారుతుంది, పెన్నుతో ముట్టుకుంటే బొమ్మ కదులుతుంది. జపాన్‌లో అది బాగా అమ్ముడై చాలాకాలం నిలిచింది, అమెరికాలో 1998కే ఆగిపోయింది. 2004లో వీటెక్ కంపెనీ తెచ్చిన వీస్మైల్‌దీ ఇదే బాట. చదువు ముసుగు వేసిన ఈ యంత్రాలన్నిటికీ ఒకటే చిక్కు: రెండు మూడేళ్లలో పిల్లవాడు వాటిని దాటిపోతాడు, పెద్దల యంత్రం కావాలంటాడు. రెండోసారి డబ్బు పెట్టాల్సి వస్తుంది.

1990లలో కొత్త భయం హింస గురించి పుట్టింది. మోర్టల్ కాంబాట్ అనే ఆటలోని రక్తపాతం చూసి అమెరికా సెనేటర్లు జో లీబర్‌మన్, హెర్బ్ కోల్ 1993 డిసెంబరులో విచారణ జరిపారు. ప్రభుత్వం చట్టం చేయకముందే పరిశ్రమ 1994లో ఈఎస్‌ఆర్‌బీ అనే వయసు ముద్రల సంస్థను పెట్టుకుంది. యూరప్‌లో 2003లో అలాంటిదే పెగీ వచ్చింది. భారత్‌లో దొరికే డిస్కుల మీదా ఎక్కువగా ఈ విదేశీ గుర్తులే కనిపిస్తాయి. యంత్రం ఏదన్న దానికన్నా, డబ్బా మూలన ఉన్న ఆ చిన్న గుర్తు పసివాడికి ఆట తగునో లేదో ఎక్కువగా చెబుతుంది. దాన్ని చదివే అలవాటు మాత్రం ఇక్కడ ఆలస్యంగా, అదీ కొద్దిమందికే వచ్చింది.

సోనీ ప్లేస్టేషన్ 2 పాతబడి ధర తగ్గాక భారత్‌లో పిల్లలున్న ఇళ్లకు చేరింది. వారిని ఉద్దేశించే 2009లో హైదరాబాద్ కంపెనీ అరోనా టెక్నాలజీస్ దాని కోసం హనుమాన్: బాయ్ వారియర్ అనే ఆట తయారుచేసింది. పూర్తిగా భారత్‌లోనే తయారైన తొలి కన్సోల్ ఆట ఇదేనని ప్రచారం జరిగింది. దేవుణ్ణి బటన్లతో ఆడించడం తగదన్న నిరసనలూ వచ్చాయి. అదే ఏడాది హైదరాబాద్‌కే చెందిన గేమ్‌శాస్త్ర, గిల్లీ డండా, కబడ్డీ, గాలిపటాలతో దేశీ అడ్డా తెచ్చింది. మన వీధి ఆటను టీవీలోకి ఎక్కించి పెద్దలను మెప్పించాలన్న ప్రయత్నం అది.

చేతిలో పట్టే యంత్రాల చరిత్రలో బెంగ శరీరం మీదికి మళ్లింది. 1989 నాటి గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో చాలా గంటలు నడిచేది, కింద పడినా ఓర్చుకునేది. రంగు తెరలున్న పోటీ యంత్రాలు అందుకే దాని ముందు నిలవలేకపోయాయి. 2011లో వచ్చిన నింటెండో 3డీఎస్‌తో పాటే ఆరేళ్లలోపు పిల్లలు త్రీడీ బొమ్మ చూడకూడదన్న హెచ్చరిక వచ్చింది. రెండేళ్లకు కంపెనీ త్రీడీని తీసేసి, విరిగే మడతబందు కూడా లేకుండా, పలకలా ఉండే 2డీఎస్‌ను 130 డాలర్లకు చిన్నపిల్లల కోసం తెచ్చింది. 2017 నాటి నింటెండో స్విచ్ క్యాసెట్లు చాలా చిన్నగా ఉండడంతో పిల్లలు మింగకుండా వాటికి డెనటోనియం బెంజోయేట్ అనే భరించలేని చేదు పూశారు.

ఇప్పటి భయాలు సమయం, డబ్బు. మైక్రోసాఫ్ట్ 2007లోనే ఎక్స్‌బాక్స్ 360కి, ఇన్ని గంటలు కాగానే ఆగిపోయే ఫ్యామిలీ టైమర్ ఇచ్చింది; స్విచ్‌కు తల్లిదండ్రుల ఫోన్‌లో పెట్టుకునే యాప్ ఉంది. కొన్నిచోట్ల ఈ పనిని ప్రభుత్వాలే నెత్తిన వేసుకున్నాయి. 2000 నుంచి కన్సోళ్ల అమ్మకాన్నే నిషేధించిన చైనా 2015లో దాన్ని పూర్తిగా ఎత్తేసింది, 2021లో పిల్లల ఆన్‌లైన్ ఆటను వారాంతాల్లో, సెలవుల్లో రోజుకు ఒక గంటకు కుదించింది. జపాన్‌లోని కగావా ప్రాంతం 2020లో బడి రోజుల్లో 60 నిమిషాలే ఉండాలని శిక్ష లేని నిబంధన చేసింది. డబ్బు సంగతికొస్తే, ఫోర్ట్‌నైట్ అనే ఆటలో పిల్లలు తెలియక నొక్కిన కొనుగోళ్ల వంటి ఫిర్యాదులపై అమెరికా వాణిజ్య కమిషన్ దాని తయారీ సంస్థ ఎపిక్ గేమ్స్ చేత 24.5 కోట్ల డాలర్లు కట్టించేందుకు 2022లో ఒప్పందం కుదుర్చుకుంది.

దీంతో ఎంపిక యంత్రం నుంచి ఖాతాకు మారింది. పెట్టె కొనగానే పిల్లవాడి పుట్టినతేదీతో వేరే ఖాతా తెరవాలి. దాన్ని పెద్దల ఖాతాకు కలిపి కార్డు వివరాలను, అపరిచితులతో మాటను, ఆట వయసును అక్కడే కట్టడి చేయాలి. భారత్‌లో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు వారి సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతిని సంస్థలు రుజువు చేసుకోవాలి. కన్సోల్ కంపెనీలు పిల్లలకు ఇచ్చే ఖాతాలూ దాని పరిధిలోకే వస్తాయి.